ఒకే కొలత సమత్వమగునా?

శరణధర్మమున కాయకమునకు గల స్థానము సర్వవిదితము. శ్రమింపక భుజించుటను శరణులు దోషముగా నెంచిరి. కావున తమ బిడ్డలు సోమరులు కాకూడదని పెద్దలు కోరుట సహజమే. అయితే ఏది సోమరితనమో, ఏది కంటికి కానరాని శ్రమయో పెద్దలే గుర్తింపలేనినాడు, ఆ సద్బోధయే పసివానిపాలిట శిక్షగా మారును. చదువ తడబడు బిడ్డల విషయమున అనేక గృహములలో జరుగుచున్నది ఇదియే.

2022లో శ్రీకాకుళం జిల్లానుండి విజయనగరం జిల్లాలో చేరిన రాజాం వంటి పట్టణమున ఒక బాలుని ఊహించుకొనవచ్చును. తల్లిదండ్రులు కూలికై దూరదేశము వలసపోయిరి. బాలుడు నాయనమ్మచెంత పెరుగుచున్నాడు. అంగడికి పంపినచో చిల్లర లెక్క తప్పడు. సైకిలు గొలుసు ఊడినచో తానే బిగించును. విన్న కథను మరునాడు పొల్లుపోకుండ చెప్పును. కాని తెలుగువాచకము తెరచినంతనే నోరు పెగలదు. ‘మ’కారమునకును ‘య’కారమునకును తడబడును. వత్తు కనబడగానే ఆగిపోవును. నిన్న చదివిన మాట నేడు క్రొత్తదగును. బడిలో మొద్దు, ఇంటిలో సోమరి అను రెండు పేర్లు వానికి దక్కును. కొన్నాళ్ళకు ఆ రెండును నిజమేనని బాలుడే నమ్మును. అసలు నష్టము అదియే.

ఈ స్థితి క్రొత్తది కాదు. 1887లో జర్మనీ దేశపు నేత్రవైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్ దీనికి ‘డిస్లెక్సియా’ అను పేరును వాడెను. 1896లో ప్రింగిల్ మోర్గన్ అను ఆంగ్లవైద్యుడు పదునాలుగేండ్ల బాలుని గూర్చి వ్రాసెను. ఆ బాలుడు చురుకైనవాడు; ఆటలలో ఎవరికిని తీసిపోడు; కాని చదువలేడు. బోధన అంతయు నోటిమాటగా సాగినచో బడిలో వానికి మించినవాడుండడని ఉపాధ్యాయుడే చెప్పెనట. ఈ లోపము బుద్ధిలోనిది కాదు, కంటిలోనిది కాదు. ధ్వనిని అక్షరముతో జతపరచుటలో మెదడునకు కలుగు ప్రయాసము. ఇది తరచుగా ఒకే వంశమున పలువురియందు కనబడును. దీనికి ఔషధము లేదు. క్రమము తప్పక, ఓర్పుతో, ధ్వనిధ్వనిని విడదీసి నేర్పుటయే మార్గము.

ఇట్టి బాలుడు ఒక పేజీ చదువుటకు పడు శ్రమ, తోటివాడు పది పేజీలకు పడు శ్రమకు తీసిపోదు. కాయకదృష్టితో చూచినచో వీనిలో సోమరి ఎవ్వడు? అయిదక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి బియ్యము తెచ్చినప్పుడు, ఆయన సతి లక్కమ్మ దానిని తిరిగి ఇచ్చి రమ్మనెనని శరణచరిత్ర చెప్పుచున్నది. కాయకమున చూడవలసినది ప్రోగుయొక్క పరిమాణము కాదని ఆ తల్లి ఎరుగును. బడిలో మాత్రము ప్రోగునే కొలుచుచున్నారు.

అందరును సమానులే యైనచో, పరీక్షలో ఒకనికి అదనపు సమయ మిచ్చుట పక్షపాతము కాదా యని కొందరు శంకింతురు. శంక న్యాయమైనదే. కల్యాణమున మడివాళ మాచయ్య బట్టలుతికెను, అంబిగర చౌడయ్య పడవ నడిపెను. ఇరువురకును గౌరవము సమానమే. కాని చౌడయ్యను చాకిరేవున నిలిపి కొలిచినవారు లేరు. చరిత్రపరీక్ష చరిత్రజ్ఞానమును కొలువవలెను. అది చదువు వేగమునే కొలిచినచో త్రాసులోనే దోషమున్నది. త్రాసును సరిచేయుట పక్షపాతము కాజాలదు. 1995 నాటి వికలాంగుల చట్టమున ఈ బిడ్డల ప్రసక్తి లేదు. 2016 నాటి చట్టము గుర్తించిన 21 వైకల్యములలో నిర్దిష్ట అభ్యసనవైకల్యము చేరినది.

అయితే కరుణపేరిట వానికి అక్షరము నేర్పుటయే మానివేయుట మరియొక అన్యాయము. బస్సుపై ఊరిపేరు, బ్యాంకు కాగితము, మందుసీసాపై మాట చదువలేనివాడు జీవితాంతము ఇతరుల నోటిపై ఆధారపడవలసి వచ్చును. అదనపు సమయము బోధనకు తోడు కావలెనేగాని, దానికి బదులు కారాదు.

ఇట్టి బిడ్డలకై కేంద్రములు నడుపువారి బాధ్యత ఇచ్చటనే ఆరంభమగును. 1991లో స్థాపితమైన మద్రాసు డిస్లెక్సియా అసోసియేషన్ ఉపాధ్యాయులకు శిక్షణ నొసగుచున్నది. ఆంధ్రదేశమున సమగ్రశిక్ష క్రింద మండలములందు భవిత కేంద్రములు ప్రత్యేకావసరములు గల బిడ్డల కొరకు ఏర్పడినవి. ఎచ్చట నడపినను, నడుపువారు మొదట తమ్ము తాము పరీక్షించుకొనవలెను. చూపు, వినికిడి సరిగానున్నవో లేవో, వలసవలన బడి తప్పినదో చూడక తొందరపడి పేరు తగిలింపరాదు. ఇది మనోవైకల్యము కాదని తల్లిదండ్రులకు విడమరచి చెప్పవలెను. ఆడబిడ్డ మౌనముగా వెనుకబడినప్పుడు పెండ్లి చేసిన చాలునని సరిపెట్టరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, తాము దాతలమను తలపు మనసున చేరనీయరాదు. దానమిచ్చువాడు పైన నిలుచును. దాసోహము చేయువాడు సేవకుడై నిలుచును. బిడ్డ తడబడినప్పుడు గురువు మొగమున విసుగు కనబడినచో, ఆనాటి పాఠము దాసోహము కాలేదు.

తుమకూరు సిద్ధగంగామఠమున 2019లో లింగైక్యులైన శ్రీ శివకుమారస్వాములు అన్నము, అక్షరము, ఆశ్రయము అను త్రివిధదాసోహమును నడిపిరి. ప్రతి మఠమును అంత కార్యము చేయలేకపోవచ్చును. సాయంకాలము ఒక గది, శిక్షణ పొందిన ఒక ఉపాధ్యాయుడు, నలుగురు బిడ్డలు కూర్చుండ ఒక చాప సమకూర్చుట చిన్న మఠమునకును సాధ్యమే. దాసోహపంక్తిలో నెమ్మదిగా భుజించువాని విస్తరిని ఎవ్వరును లాగివేయరు. వాడు ముగించువరకు వడ్డించువాడు వేచియుండును. అన్నమునకు పాటించు ఈ మర్యాదను అక్షరమునకును పాటించుటయే శరణధర్మము.