ఉపవాసం నాడు బీపీ మాత్ర

ఏకాదశి నాడో శివరాత్రి నాడో బీపీ మాత్ర వేసుకుంటే ఉపవాసం చెడుతుందా అన్న సందేహానికి జవాబు మహాభారతంలోనే ఉంది. వ్రతాన్ని చెరపనివి ఎనిమిదని ఉద్యోగపర్వంలో విదురుడు చెబుతాడు: నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, ఔషధం. చిటికెన వేలి గోరంత మాత్ర, దాన్ని దించే గుక్కెడు నీళ్లు, రెండూ అందులోనివే.

రంజాన్‌లో లెక్క వేరు. పగలు మాత్ర మింగితే ఉపవాసం పోతుంది. అయితే ఖురాన్ రెండో అధ్యాయం రోగికి మినహాయింపునిచ్చి, ఆ రోజులను తర్వాత పూర్తిచేసుకోమంటుంది. బీపీ మందు ఆమ్లోడిపిన్ రోజుకొక్కసారి వేసుకునేదే కాబట్టి, డాక్టరును అడిగి తెల్లవారుజామున సహర్‌కో సూర్యాస్తమయాన ఇఫ్తార్‌కో మార్చుకోవచ్చు.

అటెనొలాల్ వంటి బీపీ మందులు ఉన్నట్టుండి ఆపేస్తే మాత్రం గుండెనొప్పి తిరగబెట్టవచ్చు, గుండెపోటూ రావచ్చు. భక్తి పేరుతో వాటిని మానడం ఏ మతం లెక్కలోనూ పుణ్యం కాదు.