దిద్దబడిన ముఖము



సబ్బు కాగితము మీదను, తలనూనె సీసా మీదను, పట్టణపు కూడలిలోని నిలువెత్తు పలకల మీదను, ఇప్పుడు చేతిలోని ఫోనులోను ప్రతిదినము మనకు కనబడు స్త్రీల ముఖములను ఒక్కమారు నిదానించి చూడుడి. ఆ చెంపల మీద మొటిమ లేదు, మంగు లేదు, ఎండకు కమిలిన జాడ లేదు. నలువది యేండ్ల స్త్రీకి కంటి క్రింద ఒక్క ముడతయైనను లేదు. మన యిండ్లలో గాని, నాట్లు వేయు మళ్లలో గాని, ఆదివారపు ఆరాధనలో గాని అట్టి చర్మము గలవారిని మనమెన్నడైన చూచితిమా? చూడలేదు. నిజము చెప్పవలెనన్న, ఆ పటములోని స్త్రీకి సయితము అట్టి చర్మము లేదు. ఫోటో తీసిన పిమ్మట వేరొక పనివాడు కంప్యూటరు ముందు కూర్చుండి, గంటల తరబడి ఆ ముఖమును దిద్దియున్నాడు. ఈ పనిని రీటచింగు అందురు.

ఇది అబద్ధమా? అబద్ధమైన యెడల ఎవరికి విరోధమైన అబద్ధము? అలంకారమంతయు వట్టిదని ఒక్క మాట చెప్పి ఈ ప్రశ్నను దాటిపోవుట సులభమే. అట్లు దాటిపోయిన తండ్రుల కుమార్తెలు అద్దము ముందు కన్నీరు విడుచుట మాత్రము మానలేదు. గనుక కొంచెము ఓపికతో విచారింతము.

మొదట ఆ పనివాని పక్షముగా చెప్పవలసినది చెప్పుట న్యాయము. పూర్వము ఫోటోలను గాజు పలకల మీద తీయుచుండిరి. ఆ పలకకు పూసిన మందు నీలి వెలుగును మాత్రమే బాగుగా పట్టుకొనెడిది. ఎరుపును, గోధుమ వర్ణమును పట్టుకొనలేకపోయెడిది. అందువలన కంటికి లేతగా కనబడు ఎర్రని మొటిమయు, చెంప మీది సన్నని గోధుమ చుక్కయు పటములో మసి చుక్కవలె నల్లగా పడెడివి. ఆ మచ్చ గాజు పలక మీద తేటగా నుండెడి చోటు. పనివాడు సన్నగా చెక్కిన పెన్సిలుతో ఆ చోటును నింపినయెడల, పటము అచ్చు వేయునప్పుడు మచ్చ తేలికపడెడిది. 1855లో పారిస్ నగరములో జరిగిన గొప్ప ప్రదర్శనయందు మ్యూనిక్ పట్టణస్థుడైన ఫ్రాంజ్ హాన్ఫ్‌స్టెంగ్ల్ దిద్దిన పటమును, దిద్దని పటమును చూపి జనులను ఆశ్చర్యపరచెనని చరిత్రకారులు వ్రాయుదురు. అనగా ఆ దినములలో రీటచింగు పనివాడు అనేక పర్యాయములు సరిచేసినది ముఖమును కాదు, కెమెరా చెప్పిన అబద్ధమును. ఇది మరువరాదు.

అయితే చేయి అలవాటుపడిన తరువాత ఎక్కడ ఆగవలెనో ఎవరు చెప్పగలరు? కెమెరా చేసిన నల్లని చుక్కను తీసిన పెన్సిలే, దేవుడిచ్చిన పుట్టుమచ్చనును, వయస్సు తెచ్చిన ముడతనును తీసివేయసాగెను. చీకటి గదిలో అచ్చు వేయునప్పుడు ఒక చోట వెలుగును అట్టముక్కతో అడ్డగించి ఆ భాగమును తెల్లబరచుట, మరియొక చోట ఎక్కువ వెలుగునిచ్చి నల్లబరచుట వచ్చెను. 1990లో ఫోటోషాప్ అను కంప్యూటరు సాధనము అమ్మకమునకు వచ్చెను. 2002లో దానిలో హీలింగ్ బ్రష్ అను కుంచె చేరెను. ప్రక్కనున్న మంచి చర్మమును తెచ్చి మచ్చ మీద అతుకు కనబడకుండ కప్పునట్టిది అది. బాగు చేయుట అను అర్థము వచ్చు పేరు దానికి పెట్టిరి; మొటిమ ఉన్నవాని ముఖము మీద మొటిమ అట్లే యుండును గదా!

నేడు ఈ వృత్తిలో ఆరితేరినవారు వాడు ఒక పద్ధతిని కొంచెము వివరించెదను, ఏలయనగా మన ప్రశ్నకు అది ముఖ్యము. దానికి ఫ్రీక్వెన్సీ సెపరేషన్ అని పేరు. ముఖపు పటమును రెండు పొరలుగా విడదీయుదురు. ఒక పొరలో రంగులు, వెలుగు నీడలు మాత్రముండును. రెండవ పొరలో చర్మ రంధ్రములు, నూగు వెంట్రుకలు, సన్నని గీతలు ఉండును. పనివాడు మొదటి పొరలోని ఎరుపును, నలుపును, కంటి క్రింది నీడను నున్నగా సమము చేయును. రెండవ పొరను చాలవరకు ముట్టడు. రెండింటిని మరల కలిపినప్పుడు రంగంతయు పాలమీగడవలె ఒక్క తీరుననుండును, రంధ్రములు మాత్రము నిజమైనవిగానే కనబడును. పనితనము తెలియనివాడు ముఖమంతయు నున్నగా రుద్ది ప్లాస్టిక్కు బొమ్మవలె చేయును. దానిని చూచి పల్లెటూరి చిన్నపిల్ల సయితము నవ్వును. నేర్పరి చేసినది చూచి ఎవరును నవ్వరు, నమ్ముదురు. ఆ రంధ్రములు అక్కడ సాక్షులుగా నిలిచి, ఈ చర్మము నిజమైనదే అని చెప్పును. పని ఎంత చక్కగా చేసిన, మన ప్రశ్న అంత బరువైనదగును.

ఈ వృత్తిలో నొక వాడుక మాట గలదు. రెండు వారములలో దానంతటది పోవు దానిని తీసివేయవచ్చును. మనిషితో కూడ నిలుచు దానిని ముట్టకూడదు. పెండ్లినాడు లేచిన మొటిమ ఆ పెండ్లికూతురి ముఖము కాదు, ఆ దినపు సంగతి మాత్రమే. దానిని తీసిన స్టూడియోవానిని తప్పుపట్టువారితో నేను ఏకీభవింపను. పుట్టుమచ్చ, స్ఫోటకపు మచ్చ, నవ్వి నవ్వి పడిన గీత, వంశమునుండి వచ్చిన రంగు, ఇవి ఆమెవి. చక్కదనమును చూచి సంతోషించుట పాపము కాదు. సమూయేలు మొదటి గ్రంథము 16వ అధ్యాయములో పైరూపమును లక్ష్యపెట్టవద్దని ప్రవక్తకు బుద్ధి చెప్పబడిన కొన్ని వచనములకే, దావీదు చూపునకు చక్కనివాడని అదే అధ్యాయము మొహమాటము లేక చెప్పుచున్నది.

ఇక వ్యాపార ప్రకటనల సంగతి. ఇక్కడ కథ మారును, ఏలయనగా ఇక్కడ ముఖము సరుకునకు సాక్ష్యమిచ్చుచున్నది. 2009లో ఇంగ్లండులో ఓలే అను క్రీము ప్రకటనలో అరువది యేండ్ల ట్విగ్గీ అను ప్రసిద్ధ మోడలు ముఖము చూపబడెను. కంటి చుట్టునున్న చర్మమును దిద్దియుండిరి; అమ్మిన సరుకు కంటి క్రీము! అక్కడి ప్రకటనల ప్రమాణముల సంస్థ, ఇది కొనువారిని మోసగించునట్టిదని తీర్పు చెప్పెను. 2011లో పార్లమెంటు సభ్యురాలైన జో స్విన్సన్ ఫిర్యాదు మీద లోరియాల్ కంపెనీవారి రెండు ప్రకటనలు నిషేధింపబడెను. ఒకదానిలో సినిమా నటి జూలియా రాబర్ట్స్, రెండవదానిలో క్రిస్టీ టర్లింగ్టన్. రెండవ పటములో చర్మమును తేలికపరచితిమనియు, కంటి చుట్టు నీడలను తగ్గించితిమనియు కంపెనీవారే ఒప్పుకొనిరి. మొదటిదాని విషయమై, దిద్దక ముందటి ఫోటో తెండని సంస్థవారు అడుగగా, నటితో చేసికొన్న ఒడంబడిక చొప్పున అది చూపుటకు వీలులేదని చెప్పిరి. అసలు పటము లేనిదే క్రీము చేసిన మేలెంతో, కంప్యూటరు చేసిన మేలెంతో తేల్చువారెవరు? రాతిని కాటా మీద పెట్టి చూపుమన్నప్పుడు చూపలేని వర్తకుడు దోషి అని ఋజువు కాకపోవచ్చును, కాని అతని తూకమును నమ్ముమని ఎవరిని అడుగగలము?

ఇంతవరకు ఒప్పుకొనువారు కూడ ఒక మాట అందురు: ఇప్పుడందరికిని ఇది తెలిసినదే, తెలిసిన తరువాత మోసమేమున్నది? ఈ మాట యొద్ద నేను కొంచెము ఎక్కువ సేపు నిలుచుచున్నాను.

ధాన్యము అమ్ముటకు పోయిన రైతు సంగతి తలంచుడి. కళ్లములో తూచి, కుట్టి తెచ్చిన బస్తా కొనువాని కాటా మీద రెండు కిలోలు తక్కువ వచ్చును. బస్తాలో కొరత లేదు, వర్తకుని రాయి బరువెక్కియున్నది. మొదటి యేట రైతు రాతినే అనుమానించును. ఊరిలో ప్రతివాని బస్తాయు ఆలాగే తరుగు వచ్చుచుండగా, మరియొక రాయి ఎక్కడను కనబడనప్పుడు, ఏండ్లు గడచిన కొలది తన గింజలలోనే తాలు ఎక్కువని ఒప్పుకొనుటకు అలవాటు పడును. దిద్దబడిన ముఖము అట్టి పడికట్టు రాయి. పటములోని ఆ యొక్క స్త్రీని గూర్చి అది చెప్పు అబద్ధము చిన్నది. చూచువారందరి ముఖములను అది తరుగుగా తూచుచున్నది. సామెతల గ్రంథము 11వ అధ్యాయము మొదటనే దొంగత్రాసును గూర్చి కఠినమైన మాట యుండుటకు కారణము కొనువాడొక్కడు నష్టపోవుట మాత్రమే కాదని నా తలంపు. రాయి చెడినప్పుడు ఊరిలో కొలతయే చెడును. రాయి దొంగదని తెలిసినంత మాత్రమున తరుగుపోయిన రెండు కిలోలు బస్తాలోనికి తిరిగి రావు.

కొన్ని ప్రభుత్వములు దీనికి మందు వెదకినవి. ఫ్రాన్సు దేశములో 2017 అక్టోబరు నుండి, మోడలు శరీరాకృతిని సన్నగానో లావుగానో మార్చిన ప్రకటన మీద ఇది దిద్దబడిన ఫోటో అని వ్రాయవలెను. చర్మమును నున్నచేసిన దానికి ఆ నియమము తగులదు. నార్వే దేశము ఇంకొక అడుగు ముందుకు వేసి, 2022 జూలై నుండి చర్మమును మార్చిన ప్రకటనలకు కూడ గుర్తు వేయవలెనని శాసించెను. చట్టము మంచిదే. అయినను ఇట్టి గుర్తులను గూర్చి చేసిన పలు పరిశోధనలలో, హెచ్చరిక చదివిన స్త్రీలకు తమ శరీరమును గూర్చిన అసంతృప్తి తగ్గినట్లు కనబడలేదు. కన్ను చూచినదానిని అక్షరము చెరిపివేయలేకపోవుచున్నది.

మన దేశములో ఈ రాయి మరియొక విధముగా బరువెక్కినది. అది రంగు. ఫెయిర్ అండ్ లవ్లీ అను క్రీము 1975లో అంగడికి వచ్చెను. 2020లో గాని దాని పేరు గ్లో అండ్ లవ్లీగా మారలేదు. ఈ నడుమ నలువది యేండ్లకు పైగా ఇట్టి క్రీముల ప్రకటనలలో వాడుకకు ముందు, వాడుకకు తరువాత అని రెండు ముఖములు చూపు అలవాటు మనకందరికి తెలిసినదే. నల్లని చాయ గలవారిని దిగులుపడినవారిగాను, ఆకర్షణ లేనివారిగాను చూపకూడదని 2014లో మన దేశపు ప్రకటనల ప్రమాణముల మండలివారు ప్రత్యేకముగా నియమము వ్రాయవలసి వచ్చెను. ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయములో ఒకే సంచిలో పెద్ద రాయియు చిన్న రాయియు ఉంచుకొనరాదని చెప్పబడినది. ఒకే స్త్రీకి నల్లని ముఖమొకటి, తెల్లని ముఖమొకటి కంప్యూటరులో తయారుచేసి ప్రక్కప్రక్కన నిలుపుట ఆ సంచి కాదా? సంఖ్యాకాండము 12వ అధ్యాయమును కూడ ఒకమారు తీసి చదువుడి. మోషే కూషు దేశపు స్త్రీని పెండ్లాడినందుకు మిర్యాము విరోధముగా మాటలాడెను. ఆమెకు అభ్యంతరము రంగును గూర్చియా, జాతిని గూర్చియా అన్నది గ్రంథము చెప్పదు. అయితే ఆ దినమున తెల్లబారినది ఎవరి చర్మమో, అది ఆశీర్వాదమో శిక్షయో చదివినవారికి తెలియును.

మన సంఘములలోని పిల్లలు పట్టణమునకు పోయి ఫోటో స్టూడియోలలోను, కంప్యూటరు పనులలోను జీవనము చేసికొనుచున్నారు. అట్టివాడొకడు, అయ్యా, నేనీ పని మానవలెనా అని అడిగిన ఏమి చెప్పుదుము? మానుమని నేను చెప్పను. గుమస్తాకు రాయి మీద అధికారము లేదు. అతని తప్పు యజమానుని తప్పంతటిది కాదు. అయినను ఏది మొటిమయో ఏది మనిషియో అతని చేతికి బాగుగా తెలియును. క్రీము అమ్ముటకు ముడత తీయుట, అడుగకుండనే రంగు తెలుపుచేయుట, ఇవి తన చేతితో చేయనని యజమానునితో చెప్పుటకు ధైర్యము కావలెను, ఒకప్పుడు కూలి పోవును. ఆ మాట వట్టి కలగా నుండనక్కరలేదు. అమెరికాలో వేలకొలది మందుల దుకాణములు గల సీవీఎస్ కంపెనీ, తన సౌందర్య సాధనముల పటములలో చర్మపు రంగును, ముడతలను మార్చబోమని 2018లో ప్రకటించెను.

పెండ్లి సంబంధములకు పంపు ఫోటో విషయములో యజమానుడు వేరెవడును కాడు, తలిదండ్రులే. మా పిల్లను కొంచెము తెల్లగా చేయుమని స్టూడియోలో చెప్పువారు మనవారే. అవతలి యింటివారు మోసపోవుదురా అన్నది మొదటి ప్రశ్న కాదు. పెండ్లిచూపులకు వారు వచ్చి గుమ్మము దాటినప్పుడు, చేతిలోని పటమును ఒకసారి, కూర్చున్న పిల్లను ఒకసారి చూతురు. ఆ నిమిషమున ఆ పిల్ల తన పటమునకే తీసికట్టుగా తూగును. అట్లు తూచుటకు రాయి చేయించి యిచ్చినవారు కన్నవారే గదా!

ఇప్పుడు స్టూడియోకు పోవలసిన పనియు లేదు. అనేకమైన ఫోనులు ఎవరును అడుగకుండనే ఫోటో తీయు క్షణములోనే చర్మమును నున్నచేసి, చాయను తేలికపరచి ఇచ్చుచున్నవి. ఎనుబది యేండ్ల అమ్మమ్మను మనుమడు ఫోటో తీయగా, నుదుటి ముడతలు సగము మాయమై, ఎవరో చెల్లెలివలె కనబడును. రేపు గోడకు తగిలించునది ఆ పటమే. ఆ ఏర్పాటును తీసివేయుటకు కెమెరా తెర మీదనే చోటున్నది. దానికి బ్యూటీ అనియో, వేరొక పేరో యుండును. ఇంటిలోని పిల్లలలో ఎవరినడిగినను ఒక నిమిషములో చూపుదురు.