పట్టణపు పొలిమేరలో ఇల్లు

ధ్యానమునకు: ఆదికాండము 13, 14, 19 అధ్యాయములు, యోహాను సువార్త 11, 12 అధ్యాయములు



ఈ మధ్య చీపురుపల్లి మొదలుకొని పొందూరు వరకు మన గ్రామ సంఘములను దర్శించుచుండగా, ఏ ఇంట ప్రార్థనకు కూర్చున్నను, ప్రార్థన ముగిసిన పిమ్మట ఒకే ప్రశ్న మాకు ఎదురగుచున్నది. "అయ్యగారూ, మావాడు విశాఖపట్నంలో జాగా కొంటానంటున్నాడు. ఎటేపు కొంటే మంచిదంటారు?" అని తలిదండ్రులు అడుగుచున్నారు. కొందరికి మధురవాడ, కొమ్మాది మీద మనస్సు. కొందరికి ఆనందపురము. చుట్టములు ముందే చేరియున్నవారు గాజువాక వైపు చూచుచున్నారు. చేతిలో సొమ్ము తక్కువైనవారు పెందుర్తి దాటి కొత్తవలస వరకు వెనుకకు వచ్చుచున్నారు. భోగాపురములో విమానాశ్రయమునకు 2023 మే నెలలో శంకుస్థాపన జరిగిన నాటినుండి ఆ దారి పొడవునను రాళ్లు పాతిన స్థలములే కనబడుచున్నవి.

స్థలముల ధరలు చెప్పుటకు మేము దళారులము కాము. అయినను ఈ ప్రశ్న వచ్చినప్పుడు నవ్వి ఊరకుండుట కాపరి పని కాదని ఇప్పుడు మాకు తోచుచున్నది. ఒకసారి మేము అట్లు ఊరకుంటిమి. దాని సంగతి తరువాత చెప్పెదము.

పట్టణము చెంత నివాసము కోరుకొనిన లోతు కథ మనకందరికి తెలిసినదే. అబ్రాము పశువుల కాపరులకును లోతు పశువుల కాపరులకును జగడము వచ్చెను. ఇద్దరికి ఆ నేల చాలకపోయెను. అప్పుడు పెద్దవాడైన అబ్రాము, నీకు నచ్చిన దిక్కు నీవే ముందు కోరుకొమ్మని పిన్నవానితో చెప్పెను. (మన ఊళ్ల పంపకములలో ఇట్టి మాట వినుట మాకు అరుదు.) లోతు కన్నులెత్తి చూచెను. యొర్దాను మైదానమంతయు నీళ్లు పారుచు పచ్చగా కనబడెను. రైతు బిడ్డ నీటినే చూచును గనుక, నీటిని చూచినందుకు మేము అతనిని తప్పు పట్టము. అయితే ఆ నీటి ప్రక్కన కాపురమున్న మనుష్యులు ఎట్టివారో అతడు ఎవరినైనను అడిగినట్లు ఆ అధ్యాయములో లేదు. అబ్రాము హెబ్రోనులోని మమ్రే వృక్షముల యొద్దకు పోయి అక్కడ బలిపీఠము కట్టెను. లోతు గుడారము వేసికొనెనని చదువుచున్నాము గాని, బలిపీఠము కట్టెనని ఎక్కడను చదువము.

తరువాత జరిగినది కొంచెము కొంచెముగా జరిగెను. 13వ అధ్యాయములో అతని గుడారము సొదొమ దరిదాపులలో ఉన్నది. 14వ అధ్యాయమునకు వచ్చుసరికి అతడు సొదొమలోనే కాపురమున్నాడు. శత్రురాజులు కొల్లపెట్టి అతనినికూడ పట్టుకొనిపోయిరి. అబ్రాము తన యింట పుట్టిన 318 మందిని వెంటబెట్టుకొని పోయి విడిపింపవలసి వచ్చెను. 19వ అధ్యాయములో అతడు ఆ ఊరి గవినియొద్ద కూర్చున్న పెద్దమనిషి. ఊరి లోపలికి పోవలెనని అతడు ఒకనాడు తీర్మానించుకొనెనో లేదో మనకు తెలియదు. పొలిమేరలో ఉన్నవాని యొద్దకు పట్టణమే నడచి వచ్చునని మాత్రము మన కన్నులతోనే చూచుచున్నాము. 1901లో విశాఖపట్నములో ఇంచుమించు 40 వేలమంది జనులుండిరి. 2011 జనాభా లెక్కలలో వారు 17 లక్షలు దాటిరి. 2005లో గాజువాక పురపాలక సంఘమును, 32 గ్రామములును ఒక్కసారి మహానగరములో కలిసిపోయినవి. నిన్న దుక్కి దున్నిన ఊరికి నేడు వార్డు నంబరు వచ్చినది. ఆ పట్టణము త్రాగు నీటిలో కొంత మన విజయనగరము జిల్లాలోని తాటిపూడి జలాశయమునుండి, గోస్తనీ నదినుండి పోవుచున్నది. లోతు నీటిని వెదకుకొనుచు పోయెను. ఇక్కడ మన నీరే ముందు పోయినది, దాని వెంట మన పిల్లలు పోవుచున్నారు.

ఇది చదివి, పట్టణమునకు పోవుటయే పాపమని మేము చెప్పుచున్నామని ఎవరును అనుకొనవలదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానములో కొబ్బరి, జీడిమామిడి తోటలను నేల కూల్చినది. కొబ్బరి మొక్క తిరిగి కాపునకు వచ్చువరకు ఆ యింటివారు ఏమి తినవలెను? ఉక్కు కర్మాగారము కొరకు భూమి ఇచ్చిన పల్లెలవారు గాజువాక పరిసరములకు చేరినది తాము కోరుకొని కాదు. ఊరిలోనే ఉండి రోజూ రైలులో పోయివచ్చెదమన్నవారికిని కష్టము లేకపోలేదు. 2023 అక్టోబరు 29 సాయంకాలము కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య పలాస బండిని వెనుకనుండి రాయగడ బండి ఢీకొన్నది. ఇండ్లకు బయలుదేరినవారిలో కొందరు ఇండ్లు చేరలేదు. బబులోనునకు చెరగా పోయినవారికి యిర్మీయా వ్రాసిన ఉత్తరమును చూడుడి. అక్కడనే ఇండ్లు కట్టుకొని, తోటలు నాటుకొని, ఆ పట్టణపు క్షేమము కొరకు ప్రార్థించుమని దేవుడే చెప్పించెను. కాబట్టి పోవలసినవారు పోవుదురు. ఏమి చూచి స్థలము కోరుకొనుచున్నారన్నదే మన ప్రశ్న.

ముందుగా నేలను గూర్చి. ఎండకాలములో చూచి స్థలము కొనవద్దు. వానలు పడిన మరునాడు పోయి నిలువుడి. ఆ ఊరి ముసలివారిని ఆ పొలము పాత పేరేమని అడుగుడి. ఆ పేరులో చెరువో గెడ్డయో వినబడినయెడల, లేఅవుట్ పటము ఎన్ని రంగులలో ఉన్నను తిరిగి రండు; నీరు తన దారిని మరువదు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో ఇ.సి. తీయించి, లేఅవుట్‌కు అనుమతి ఉన్నదో లేదో కనుగొనుడి. పేదలకు సాగు కొరకు ప్రభుత్వమిచ్చిన భూమి చేతులు మారకుండుటకు 1977లో ఒక చట్టము చేయబడినది. చట్టము సంగతి అటుంచి, నాబోతు ద్రాక్షతోట కథ చదివిన మనము అట్టి భూమి చౌకగా వచ్చుచున్నదని సంతోషింపగలమా?

చుట్టుప్రక్కల ఏ కర్మాగారము ఉన్నదో, గాలి ఎటునుండి వీచునో కూడ చూడవలెను. గోపాలపట్నము ప్రక్కన వెంకటాపురములో 1961లో ఒక పాలిమర్ కర్మాగారము వెలసినది. ఏండ్లు గడచినకొలది ఇండ్లు దాని గోడల వరకు వచ్చినవి. 2020 మే 7 తెల్లవారుజామున అందరు నిద్రించుచుండగా అందులోనుండి స్టైరీన్ ఆవిరి వెడలి 12 మంది ప్రాణములు తీసినది. వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి. కొట్టములలో కట్టిన పశువులు కట్టినచోటనే పడిపోయినవి. చనిపోయినవారు ఇతరులకంటె పాపులని తలంచువారికి, సిలోయము గోపురము కూలిన సంగతి ఎత్తి ప్రభువే జవాబు చెప్పియున్నాడు. వారు చేసినదెల్ల పని దొరకుచోట, కొనగలిగినచోట ఇల్లు కట్టుకొనుటయే. మనవారును రేపు చేయబోవునది అదియే గనుక ఈ సంగతి వ్రాయుచున్నాము.

ఇక మా సంగతి. కొన్ని ఏండ్ల క్రిందట మన సంఘములలోని ఒక విధవరాలి పెద్ద కుమారుడు ఎనుబది సెంట్ల మెట్ట అమ్మి, బ్యాంకు అప్పు చేర్చి, మధురవాడకు ఆవల మూడవ అంతస్తులో ఒక ఇల్లు కొనెను. మంచి కుమారుడు, తల్లిని ఊరిలో విడిచిపెట్టక తనతో తీసికొనిపోయెను. గృహప్రతిష్ఠకు మమ్ములను పిలిచిరి. పోతిమి, పాడితిమి, ప్రార్థించితిమి, భోజనము చేసితిమి. నేల నున్నగా ఉన్నదని మెచ్చుకొంటిమి. ఆరాధనకు ఎక్కడికి పోవుదురని మేము అడుగలేదు. ఆదివారమున అతనికి సెలవున్నదా అని అడుగలేదు. మోకాళ్ల నొప్పులు గల ఆ తల్లి మూడు అంతస్తులు దిగి ఎక్కడ కూర్చుండునని అడుగలేదు.

దేవాలయము తొమ్మిది కిలోమీటర్ల దూరము. రెండు ఆటోలు మారవలెను. మొదట నెలకొకసారి పోయిరి. తరువాత పండుగలకు పోయిరి. పదకొండు నెలలకు ఆ తల్లి ఒక సంచితో ఊరికి తిరిగి వచ్చెను. కోడలు ఏమైన అన్నదేమో అని ఊరివారు గుసగుసలాడిరి. మేము పోయి అడిగితిమి. "ఇల్లు బాగానే ఉందయ్యగారూ. కోడలు కూడా మంచిదే, నీళ్లచెంబు చేతికిస్తాది. అక్కడ నన్ను పేరెట్టి పిలిసే మనిసి లేదు, అంతే" అని ఆమె చెప్పెను. మాకు ఏమి చెప్పుటకును నోరు రాలేదు. గృహప్రతిష్ఠ దినమున మేము కనుగొనవలసిన సంగతిని ఆమె సంవత్సరము అనుభవించి మాకు తెలియజేసెను.

ఆ దినము మొదలు బేతనియను గూర్చి తరచుగా తలంచుచున్నాము. బేతనియయు పట్టణపు పొలిమేరయే. ఒలీవల కొండకు ఆవలి ప్రక్కన, యెరికో దారిలో, యెరూషలేమునకు రెండు మైళ్లలోపు దూరము. ప్రభువు పగలు దేవాలయములో బోధించి, ప్రొద్దుగూకినప్పుడు శిష్యులతో కూడ అక్కడికి నడచిపోయెను. మార్త, మరియ, లాజరుల ఇల్లు పెద్దదో చిన్నదో సువార్తలలో లేదు. లాజరు చనిపోయినప్పుడు యెరూషలేమునుండి అనేకులు నడచివచ్చి ఆ అక్కచెల్లెండ్రను ఓదార్చుచు వారి చెంత కూర్చుండిరని మాత్రము యోహాను వ్రాసియున్నాడు. కష్టము వచ్చిననాడు మనుష్యులు నడచి రాగలిగిన ఇల్లు అది. ప్రభువునకు విందు చేసిననాడును అక్కడ పదిమంది ఉండిరి.

మన పిల్లలు చూచు స్థలమును ఈ కొలతతో కొలువవలెను. ఆ ఇంట రాత్రివేళ ఒకరు కన్ను మూసినయెడల తెల్లవారకముందే వచ్చి కూర్చుండువారు ఎవరు? సమాధుల తోట ఎక్కడ? లేఅవుట్ పటములో పార్కు చూపుదురు, ఈతకొలను చూపుదురు, సమాధుల స్థలము చూపరు. ఊరిలో మనము ఎన్నడును అడుగనక్కరలేని ఈ ప్రశ్నను అక్కడ చనిపోయిన దినమున అడుగుకొనుచు తిరుగుట ఎంత దుఃఖమో, అనుభవించిన కుటుంబములకు తెలియును. గజము ధర వేయి రూపాయలు తక్కువని పది మైళ్లు లోపలికి పోవువారు, ఆ పది మైళ్లు ఎవరెవరిని తమకు దూరము చేయునో కూడ లెక్కింపవలెను.

ఊరిలో మిగిలిన సంఘమునకును ఇందులో పని ఉన్నది. ఒక కుటుంబము వెళ్లునప్పుడు దండలు వేసి పంపుచున్నాము గాని, అక్కడి సంఘపు పెద్దలకు ఒక ఉత్తరమైనను వ్రాయుట లేదు. ఈ నెలనుండి వ్రాయుదము. పేరు, వీధి, ఇంటిలో వృద్ధులెవరు, వారిని ఏమని పిలుతురు, ఇంతే చాలును.

ఆ తల్లి చిన్న కుమారుడు ఇప్పుడు స్థలము వెదకుచున్నాడు. కొత్తవలసలో రైలు స్టేషనుకు దగ్గరగా ఒకటి, ఆనందపురము కూడలికి ఆవల పెద్ద రోడ్డు ప్రక్కన ఒకటి అతని మనస్సులో ఉన్నవి. రెండవదానికి ధర పెరుగునని స్నేహితులు చెప్పుచున్నారట. ఈసారి మమ్ములను గృహప్రతిష్ఠకు గాక ముందుగానే పిలిచినాడు. వచ్చే ఆదివారము ఆరాధన కాగానే బయలుదేరుచున్నాము. మేమే చూచి చెప్పెదమంటే ఆమె ఒప్పుకొనలేదు. కర్ర పట్టుకొని తానును వచ్చునట. ఆ రెండు స్థలములనుండియు దేవాలయము గుమ్మము వరకు తానే నడచి చూచునట.