కనపడలేదు అని చెప్పడం

"నాకేం కనపళ్లేదు సార్" అనే మాటకి మన దగ్గర మంచి పేరు లేదు. వీధిలో గొడవ జరిగి పోలీసులొస్తే ముందు వినిపించేది అదే. తప్పించుకోడానికి అంతకంటే సులువైన దారి లేదు. అయితే అదే మాట కొన్నిచోట్ల పూర్తి సాక్ష్యంగా చెల్లుతుంది. ఎక్కడ చెల్లుతుంది, ఎందుకు చెల్లుతుంది అన్నది ఆలోచించాల్సిన విషయం.

నెప్ట్యూన్ అవతల లెక్కలేనన్ని చిన్న మంచు శకలాలు సూర్యుడి చుట్టూ తిరుగుతున్నాయి. పెద్ద టెలిస్కోపులో కూడా అవి చుక్కల్లాగే కనిపిస్తాయి. మరి వాటి సైజు ఎలా తెలుస్తుంది? నీడని బట్టి. శకలం ఒక నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు ఆ నక్షత్రం క్షణంపాటు ఆరిపోతుంది. నక్షత్రం అంత దూరంలో ఉంది కాబట్టి భూమ్మీద పడే నీడ దాదాపు ఆ శకలమంతే ఉంటుంది. ఆ నీడ దారికి అడ్డంగా మనుషులు టెలిస్కోపులతో వరసగా నిలబడి టైము రాసుకుంటారు.

మ్యాపులో మదనపల్లె, పుంగనూరు, కుప్పం దాదాపు ఉత్తరం నుంచి దక్షిణానికి వరసగా ఉంటాయి. 30 కిలోమీటర్ల నీడ ఒకటి పడమటి దిక్కుగా మదనపల్లె మీదుగా పోయిందనుకుందాం. మదనపల్లెలో నిలబడ్డవాళ్లు "ఆరింది" అంటారు. కుప్పంలో వాళ్లు "ఆరలేదు" అంటారు. పుంగనూరులో ఆ రాత్రి మబ్బు. వాళ్లు చెప్పగలిగింది "మాకు తెలీదు" అని మాత్రమే.

మొదటి జవాబు వల్ల అక్కడ ఏదో ఉందని తెలిసింది. అదెంత పెద్దదో దానివల్ల తెలీదు. హద్దు గీసింది కుప్పం. చూడనివాళ్లు లేకపోతే చూసినవాళ్ల మాటకి అంచు ఉండదు.

ఇది ఊహ మాత్రమే కాదు. 2014లో హబుల్ టెలిస్కోపుతో కనిపెట్టిన ఆరోకోత్ అనే శకలం నీడ కోసం 2017 జూన్ 3న దక్షిణాఫ్రికాలో, అర్జెంటీనాలో టెలిస్కోపులు పెట్టారు. ఒక్కదానికీ చిక్కలేదు. జూలై 17న మళ్లీ అర్జెంటీనాలోనే ఇరవైకి పైగా పెట్టారు. వెలుగు అడ్డం రాకూడదని అక్కడ వీధిదీపాలు ఆర్పారు, హైవే మీద రాకపోకలు ఆపారు. నీడ ఐదింటికే చిక్కింది. ఆ ఐదూ, ఏమీ చూడని మిగతావీ కలిస్తేనే అది రెండు ముద్దలు అతుక్కున్న ఆకారం కావచ్చని తెలిసింది. 2019 జనవరి 1న న్యూ హొరైజన్స్ నౌక దగ్గరికెళ్లి ఫొటో తీస్తే అచ్చం అలాగే ఉంది.

చూసినవాళ్లకైనా తోడు కావాలి. కుప్పం నుంచి గాలిదారిన 60 కిలోమీటర్ల లోపే, జవ్వాది కొండల్లో కావలూరు అబ్జర్వేటరీ ఉంది. 1977 మార్చి 10 రాత్రి యురేనస్ పక్కన ఒక నక్షత్రం కొన్ని సెకన్లపాటు మసకబారడం భట్టాచార్య, కుప్పుస్వామి అక్కడ గమనించారు. కొత్త చందమామ అనుకుని ప్రకటించారు. చూసింది నిజమే. అయితే అది చందమామ కాదని, యురేనస్ చుట్టూ ఉన్న వలయమని మిగతా చోట్ల చూసినవాళ్ల లెక్కలు కలిశాకే తేలింది.

ఇప్పుడు మన మధ్యకి వద్దాం. "మా కాలేజీలో కుల వివక్ష ఉందా? నేనెప్పుడూ చూళ్లేదే!" "మా ఆఫీసులో ఆడవాళ్లకి ఇబ్బందా? అలాంటివేం లేవు." ఇవి కుప్పం జవాబులా, పుంగనూరు జవాబులా? చాలాసార్లు మబ్బు కింద కూర్చుని "ఆకాశంలో ఏమీ లేదు" అంటున్నాం. ఇందులో అబద్ధం లేకపోవచ్చు. నిజంగానే చూడలేదు. కానీ చూడకపోవడం వేరు, చూస్తే లేకపోవడం వేరు. రెంటికీ ఒకే మాట వాడేసుకుంటున్నాం.

కుప్పం "ఆరలేదు"కి విలువ ఎక్కణ్ణించి వచ్చింది? ఆ టైముకి, ఆ చోట, టెలిస్కోపు తిప్పి కన్ను ఆనించి కూర్చోవడం వల్ల వచ్చింది. పుంగనూరు "తెలీదు"కీ గౌరవం ఉంది, మబ్బుని మబ్బని ఒప్పుకుంది కాబట్టి. ఇక మదనపల్లెలో ఒక్కరే "ఆరింది" అన్నారని వాళ్లని ఓట్లతో ఓడించలేం. నీడ పడింది వాళ్ల మీద. కుప్పం మాట ఆ నీడ ఎక్కడ ఆగిందో చెబుతుంది. నీడే లేదని చెప్పదు.

అందుకే "నాకు కనపడలేదు" అనే ముందు మనల్ని మనం ఒక ప్రశ్న వేసుకోవాలి: ఆ టైముకి నేను చూస్తున్నానా?