లేచి వెళ్లిన స్నేహితుడు

ధ్యాన భాగములు: 1 సమూయేలు 18:1-4, 20వ అధ్యాయము, 23:15-18, 2 సమూయేలు 9వ అధ్యాయము



చెరువు గట్టు ఎట్లు నిలుచునో పల్లెలో పుట్టిన మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఒకమారు కట్టినంత మాత్రమున గట్టు నిలువదు. ప్రతి సంవత్సరము వానలకు ముందుగా నలుగురు పోయి, ఎలుకలు చేసిన బొరియలు వెదకి మూసి, జారిన చోట మట్టి వేసి, కదలిన రాళ్లు సర్ది రావలెను. అట్లు చేయనియెడల, గండి పడిన రాత్రి ఊరంతయు పరుగెత్తినను నీరు నిలువదు. స్నేహమును అట్టిదే. ఒక్క దెబ్బతో తెగిపోవు స్నేహములు కొన్నియే. ఎవరును పోయి చూడనందున మెల్లమెల్లగా కారిపోవునవే అనేకములు.

ఈ నెల ధ్యానమునకు యోనాతాను దావీదుల స్నేహమును తీసికొంటిమి. ఈ కథ సండే స్కూలు పిల్లలు సహితము ఎరిగినదే. అయినను, ఈ స్నేహము ఎట్లు పుట్టెను, ఎట్లు నిలిచెను అని అడుగుచు చదివినయెడల మనము తరచుగా దాటిపోవు సంగతి ఒకటి కనబడును. వారు నిబంధన చేసికొనినది ఒకమారు కాదు. 18వ అధ్యాయములో ఒకమారు, 20వ అధ్యాయములో మరియొకమారు, 23వ అధ్యాయములో ఇంకొకమారు. మొదటి నిబంధన చెడిపోయినందున రెండవది చేసికొనలేదు. ఆపద పెరిగిన కొలది వారు గట్టుకు మట్టి వేసిరి. అంతే.

మొదటిది: స్నేహము ఇచ్చుటతో మొదలగును.

దావీదు గొల్యాతును చంపి వచ్చిన దినమున అతని చూచినవారిలో ఒక తండ్రియు ఒక కుమారుడును ఉండిరి. స్త్రీలు పాడిన పాట విని తండ్రియైన సౌలు అసూయపడెను. కుమారుడైన యోనాతాను అదే జయమును చూచి దావీదును తన ప్రాణమువలె ప్రేమించెను. నిజముగా ఆలోచించినయెడల, అసూయపడుటకు కారణము తండ్రికంటె కుమారునికే ఎక్కువగా ఉండెను. సింహాసనము అతనికి రావలసినది. అతడును శూరుడే, తన ఆయుధములు మోయువానితో మాత్రమే పోయి ఫిలిష్తీయుల దండును కలవరపరచినవాడు. అట్టివాడు తన పైవస్త్రమును, కత్తిని, విల్లును, నడికట్టును తీసి గొర్రెల కాపరి కిచ్చెను.

ఆ కత్తి సంగతి ఒక్క క్షణము ఆలోచించుడి. ఫిలిష్తీయులు ఇశ్రాయేలు దేశములో కమ్మరివాడు లేకుండ చేసిన దినములలో, యుద్ధము వచ్చినప్పుడు జనులందరిలో సౌలునొద్దను యోనాతానునొద్దను తప్ప కత్తి కనబడలేదని 13వ అధ్యాయములో చదువుచున్నాము. తన్ను ఇతరులకంటె గొప్పవానిగా చూపిన వస్తువునే అతడు ఇచ్చివేసెను.

మనమో, పోల్చి చూచుకొనుటతోనే స్నేహములను పోగొట్టుకొనుచున్నాము. వారి బోరులో నీరు పడెను, మన బోరులో పడలేదు. వారి కుమారునికి ఉద్యోగము వచ్చెను, మనవాడు ఇంటనే యున్నాడు. సంఘ పెద్దగా వారిని ఎన్నుకొనిరి, మనలను అడుగనైన లేదు. ఇట్లు లెక్కించుచున్న హృదయములో స్నేహమునకు చోటు లేదు. పొరుగువాని మేలు చూచి ఒకమారు నిజముగా సంతోషించి, ఆ సంతోషము అతని యింటికి పోయి చెప్పుడి. స్నేహము అక్కడ మొదలగును.

రెండవది: ఎదుట లేనివాని పక్షమున మాటలాడుటచేత స్నేహము నిలుచును.

20వ అధ్యాయములో దావీదు ప్రాణభయముతో యోనాతానునొద్దకు వచ్చెను. తన తండ్రి అంత చెడ్డ పని చేయునని యోనాతాను మొదట నమ్మలేదు. అయినను స్నేహితుని మాట త్రోసివేయలేదు. విచారించి నిజము తెలిసికొందునని చెప్పెను. అమావాస్య విందులో అందరును కూర్చుండిరి. దావీదు కూర్చుండు స్థలము ఖాళీగా నుండెను. రాజు కోపముతో అడిగినప్పుడు, యోనాతాను ఆ ఖాళీ స్థలము పక్షమున మాటలాడెను. అతడు చేసిన తప్పేమి అని తండ్రినే అడిగెను. తండ్రి అతనిమీద ఈటె విసరెను. మరునాడు ఉదయమున యోనాతాను పొలములోనికి పోయి, ముందుగా అనుకొనిన బాణముల గురుతుచేత, ప్రియమైనది కాని ఆ వార్తను దావీదునకు దాచక తెలియజేసెను.

గమనించుడి. అతడు ఎవరితో చెప్పవలసినది వారితోనే చెప్పెను. తండ్రి తప్పు తండ్రి ఎదుట చెప్పెను. ఆపద సంగతి ఆపదలోనున్న వానికి చెప్పెను. బావియొద్దను, టీ కొట్టునొద్దను చెప్పలేదు. మన సంఘములలో అనేక గాయములు దీనికి వ్యతిరేకముగా చేయుటవలననే కలుగుచున్నవి. వాని సంగతి వానికి తప్ప ఊరందరికిని చెప్పుదుము. తప్పిదము చేసిన సహోదరునియొద్దకు మొదట ఒంటరిగా పొమ్మని మత్తయి 18వ అధ్యాయములో ప్రభువు నేర్పెను. మనము చివరకు పోవలసిన చోటికి మొదట పోయి, మొదట పోవలసిన చోటికి ఎన్నడును పోకున్నాము.

మూడవది: లేచి వెళ్లుటచేత స్నేహము బలపడును.

దావీదు జీఫు అరణ్యములో దాగియుండెను. సౌలు దినదినము అతని వెదకెను గాని పట్టుకొనలేకపోయెను. అదే అడవికి యోనాతాను లేచి వెళ్లెను. ఏమి తీసికొని పోయెను? రొట్టెలు తీసికొని పోయెనని గాని సైనికులను వెంటబెట్టుకొని పోయెనని గాని అక్కడ వ్రాయబడలేదు. అతడు పోయి, దేవునియందు దావీదును బలపరచి, భయపడవద్దని చెప్పెను. నీవే రాజవగుదువు, నేను నీకు రెండవవాడనై యుందునని ఒప్పుకొనెను. అచ్చట మూడవమారు నిబంధన చేసికొనిరి. తరువాత యోనాతాను ఇంటికి తిరిగి పోయెను. వారిద్దరును మరల కలిసికొనినట్లు లేఖనములో లేదు. ఈ వారము వీలుకాదు, పంట పనులైన తరువాత పోవుదునని అతడు అనుకొనియుండినయెడల ఏమగునో ఆలోచించుడి.

మునుపు దూరమున నున్నవారికి ఒక కార్డు ముక్క వ్రాసి వారములకొలది కనిపెట్టెడివారము. నేడు మన చేతిలో ఫోను ఉన్నది. హైదరాబాదులోనున్న కుమారునితో, గల్ఫు దేశమునకు పనికి పోయిన అల్లునితో ముఖము చూచి మాటలాడుచున్నాము. దేవునికి స్తోత్రము. అయితే, మూడిండ్ల అవతల మంచమెక్కిన అవ్వయొద్దకు పోయి ఎన్నాళ్లాయెను? ఆమెకు కావలసినది కబురు కాదు, మన అడుగుల చప్పుడు.

మేమెరిగిన ఒక పల్లెలో ఇద్దరు సంఘస్థులుండిరి. పంటకాలువ నీటి విషయమై మాట పెరిగి, ఏడు సంవత్సరములు పలుకరించుకొనలేదు. ఆరాధనలో ఒకరు ఈ గోడ ప్రక్కను, ఒకరు ఆ గోడ ప్రక్కను కూర్చుండెడివారు. ఆ పల్లెకు పోయిన ప్రతిమారు మేమును సమాధానమును గూర్చి ప్రసంగించితిమి గాని, వారిద్దరి ఇండ్లకు ఆ సంగతి మాటలాడుటకు ఒకసారియైనను పోలేదు. ఇది మా తప్పు, ఒప్పుకొనుచున్నాము. ఒక సాయంకాలము వారిలో పెద్దవాడు రెండవవాని వాకిటికి పోయి, పలుగు కావలెను, ఇచ్చెదవా అని అడిగెను. తన యింట పలుగు లేక కాదు. రెండవవాడు ఏమియు మాటలాడక తెచ్చి యిచ్చెను. మరునాడు దానిని తిరిగి ఇయ్యబోయినప్పుడు, కూర్చుండుమని మంచము వాల్చెను. నీటి తగవు ఆ దినమున తీరలేదు. అది తీరుటకు మరి రెండు నెలలు పట్టెను. అయితే ఆ రెండు నెలలు వారు మాటలాడుకొనుచు తగవాడిరి! మా ప్రసంగములు చేయలేనిది ఆ పలుగు చేసెను.

ఇట్టి స్నేహమునే 1910వ సంవత్సరమున మన దేశస్థుడొకడు ప్రపంచము ఎదుట అడిగెను. స్కాట్లండు దేశములోని ఎడింబరో పట్టణమున మిషనెరీల మహాసభ జరిగినప్పుడు, తిరునెల్వేలి ప్రాంతమునకు చెందిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య అచ్చట ప్రసంగించెను. అప్పటికి ఆయనకు 35 సంవత్సరములు. పాశ్చాత్య మిషనెరీలు చేసిన త్యాగములకు ఆయన కృతజ్ఞత చెప్పెను. అయితే వారికిని ఈ దేశపు సేవకులకును నడుమ దూరమున్నదని దాచక పలికెను. ధనమును మించి, త్యాగమును మించి, మాకు స్నేహితులు కావలెనని ముగించెను. ఆ మాట విన్న కొందరికి కష్టముగా తోచెను. అయినను అది యోనాతానువంటి మాట. చెప్పవలసినవారి ఎదుటనే చెప్పబడిన మాట.

అడిగినవాడు తానును లేచి వచ్చెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన దోర్నకల్ బిషపుగా అభిషేకింపబడెను. ఆంగ్లికన్ సంఘములో బిషపైన మొదటి భారతీయుడు ఆయనే. తమిళ దేశములో పుట్టినవాడు తెలుగు నేర్చుకొని, ఎడ్లబండిమీద మన పల్లెలు తిరిగెను. 1945 జనవరి 1న మరణించువరకు మనవారి మధ్యనే యుండెను. స్నేహితుని కోరువాడు మొదట తాను స్నేహితుడు కావలెనని ఆ జీవితము మనకు బోధించుచున్నది.

నాలుగవది: మాట నిలుపుకొనుటచేత స్నేహము మరణమును దాటును.

యోనాతాను గిల్బోవ పర్వతముమీద చనిపోయెను. దావీదు రాజాయెను. రాజులు మారినప్పుడు పాత రాజు వంశమును నాశనము చేయుట ఆ కాలపు వాడుక. దావీదు మాత్రము యోనాతానును బట్టి మేలు చేయుటకు ఆ యింటివాడెవడైన మిగిలియున్నాడా అని వెదకించెను. మెఫీబోషెతు దొరికెను. తండ్రి చనిపోయిన వార్త వచ్చినప్పుడు ఐదేండ్ల బిడ్డ. దాది ఎత్తుకొని పరుగెత్తగా పడి రెండు కాళ్లు కుంటివైనవాడు. దావీదు సౌలు భూమి అంతయు అతనికి తిరిగి ఇచ్చి, తన కుమారులవలె తన బల్లయొద్ద కూర్చుండబెట్టెను. పొలములో ఇద్దరు స్నేహితులు ఏడ్చుచు చేసికొనిన ప్రమాణమునకు, ఆ దినము ఏమియు ఎరుగని కుంటివాడు ఫలము అనుభవించెను. మన స్నేహితులు చనిపోయినప్పుడు మూడు దినములు కూడియుందుము, మంచిదే. నాలుగవ దినమున ఆ యింటి విధవరాలి పొలము దున్ను వాడెవడు? ఆ బిడ్డల బడి సంగతి అడుగు వాడెవడు?

ఇక్కడ ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. లేచి పొమ్మనుట అనగా ఈటె ఎదుటికి పొమ్మనుట కాదు. సౌలు మనస్సు మారలేదని తెలిసినప్పుడు యోనాతాను దావీదును తిరిగి ఆ బల్లయొద్దకు రమ్మనలేదు. సమాధానముతో పొమ్మని పంపెను. దెబ్బలు తినుచున్న చెల్లెలిని, సర్దుకొనుము అని తిరిగి అదే యింటికి పంపుట సమాధానము కాదు. ఆమెకు చోటిచ్చి కాపాడుటయే స్నేహము. మనచేతనైనంత మట్టుకు సమాధానముగా నుండుమని పౌలు రోమీయులకు వ్రాసెను. అవతలివాని హృదయము మన చేతిలో లేదు. మన అడుగులు మన చేతిలో ఉన్నవి.

ప్రియులారా, ఈ నెలలోను ప్రభువు బల్ల మన యెదుట ఉండును. ఆ బల్లయొద్ద కూర్చుండుటకు మనమెవరము? మెఫీబోషెతువలె మరియొకని నిబంధనను బట్టి పిలువబడినవారమే. మనము ఆయనను వెదకకముందే ఆయన తన మహిమ వస్త్రమును విడిచి మనయొద్దకు లేచి వచ్చెను. దాసులని పిలువక స్నేహితులని పిలిచెను. ఆ పిలుపు విన్నవారము, అర్పణము బలిపీఠమునొద్ద విడిచిపెట్టి మొదట సహోదరునియొద్దకు పొమ్మనిన ఆయన మాటను ఎట్లు దాటగలము?

కావున ఆ ఆదివారమునకు ముందు, మనలో ప్రతివాడును ఒక్క యింటికి పోవుదము. ఏ యిల్లో మీకు తెలియును. ఇది చదువుచుండగనే మీ మనస్సులో మెదలియుండును. ఏమి మాటలాడవలెనో తెలియనియెడల చింతపడకుడి. పలుగు అడుగుడి.

ప్రార్థన: మాయొద్దకు లేచి వచ్చిన ప్రభువా, పొరుగువాని మేలు చూచి సంతోషించు హృదయమును, ఎదుట లేనివాని పక్షమున మాటలాడు నాలుకను, మూసిన వాకిటికి నడచు పాదములను మాకు దయచేయుము. మేము ఇచ్చిన మాటలు మా బిడ్డల దినములవరకు నిలుపుము. ఆమేన్.