పికప్‌కి పికప్ లేదు

మా బాబాయి ఆర్టీసీలో ముప్పై ఏళ్లు బస్సు నడిపాడు. మార్కాపురం డిపో. ఎక్కువ కాలం శ్రీశైలం సర్వీసే కాబట్టి, దోర్నాల దాటాక ఏ మలుపులో ఏ గేరు పడాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. రిటైరయ్యాక పిన్నిని వెంటబెట్టుకుని ఆరు నెలలకని డాలస్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లాడు. కథ అక్కడిది.

మా తమ్ముడిది టయోటా టకోమా. ఆఫీసుకీ అదే, పిల్లల స్కూలుకీ అదే, బియ్యం బస్తాలకీ అదే. టెక్సాస్‌లో పికప్ ట్రక్కు ఉన్నవాడికి దాన్ని ఇంకాస్త ఎత్తు లేపాలన్న కోరిక ఎప్పుడో ఒకప్పుడు పుడుతుంది. వాడికీ పుట్టింది. మూడంగుళాల లిఫ్ట్ కిట్ వేయించి, 30.6 అంగుళాల టైర్లు తీసేసి 32.7 అంగుళాలవి ఎక్కించాడు. ఫొటోల్లో బ్రహ్మాండంగా ఉంది. పిన్ని చీర కట్టుకుని ఎక్కాలంటే మాత్రం ప్లాస్టిక్ స్టూలు వేయాల్సి వచ్చేది. ఆ స్టూలు వెనకాల తొట్టిలో డబడబలాడుతూ తిరుగుతుండేది.

ఎత్తు పెరిగిన రోజు నుంచే బండి నీరసపడింది. పికప్‌కి పికప్ లేదు. వాడు ముందు గాలి లోపలికి పోయే గొట్టం మార్చాడు, మోత పెరిగింది. సైలెన్సర్ మార్చాడు; మోత ఇంకా పెరిగింది. యాక్సిలరేటర్ పెడల్‌కి ఏదో చిన్న పెట్టె తగిలించాడు. అది పావు నొక్కితే సగం నొక్కావని ఇంజినుకి చాడీ చెప్పే పరికరం, అంతే. బలం చుక్క కూడా పెంచదు. చివరికి సూపర్‌చార్జర్ మీద మనసు పడింది. అది వేల డాలర్ల వ్యవహారం.

ఒక వారాంతం అందరూ ఫ్రెడెరిక్స్‌బర్గ్ బయల్దేరారు. ఆస్టిన్ దాటి 290వ నంబరు రోడ్డు ఎక్కితే డాలస్ చదును అయిపోయి కొండ చరియలు మొదలవుతాయి. బాబాయి ముందు సీట్లో కళ్లు మూసుకుని ఉన్నాడు. అందరూ నిద్రపోతున్నాడనే అనుకున్నారు.

"ఒరేయ్, గేర్లు నువ్వు మారుస్తున్నావా, అదే మారుస్తోందా?"

"ఆటోమేటిక్ నాన్నా."

"ఆరు వేస్తోంది, నిలబడలేక అయిదుకొస్తోంది, నాలుక్కి పడుతోంది, మళ్లీ అయిదు. పాపం, ఎక్కడుండాలో తేలక కొట్టుకుంటోంది."

"ఇంజిన్‌లో పవర్ చాలట్లేదు నాన్నా."

"ఎన్ని గుర్రాలు?"

"278."

బాబాయి కళ్లు తెరిచాడు. "నేను యాభై మందిని సాక్షి గణపతి దాకా మోసుకెళ్లిన బస్సుకి అందులో సగం కూడా లేవు గదరా!"

మీ బస్సు గంటకి డెబ్భై మైళ్లు పోదు కదా అని వాడు అన్నాడు. నిజమే, ఆ మాటకి బాబాయి దగ్గర జవాబు లేదు. కానీ బండి ఆపిన చోట దిగి, కొత్త టైరుని జానలతో కొలిచి, ఒకే ప్రశ్న వేశాడు: "చక్రం పెంచావు సరే. క్రౌన్ పినియన్ మార్చించావా?"

ఆ మాటే వాడికి కొత్త. ఇరుసు మధ్యలో ఆ పళ్ల జత ఒకటి ఉంటుంది. ఆ బండిలో దాని లెక్క 3.91, అంటే షాఫ్టు అన్నిసార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. టైరు ఏడు శాతం పెరిగేసరికి ఆ 3.91 కాస్తా 3.66 అంత పని మాత్రమే చేస్తోంది. మీటరు డెబ్భై చూపిస్తుంటే రోడ్డు మీద బండి డెబ్భై అయిదు పోతోంది. ఆ 3.5 లీటర్ల వీ6 ఇంజిన్‌కి అసలైన లాగుడు 4,600 చుట్ల దగ్గర ఉంటే, ఆరో గేరులో అది 1,600 పైచిలుకు చుట్ల దగ్గర ఈడుస్తోంది. గుర్రం ఆరోగ్యంగానే ఉంది. కాడి దూరంగా కట్టారు.

సూపర్‌చార్జర్ వాయిదా పడింది. ఊళ్లోనే ఒక చిన్న షెడ్డులో 4.88 పళ్ల జత వేయించారు. ఫోర్ వీల్ డ్రైవ్ కాబట్టి ముందూ వెనకా రెండు చోట్లా వేయాల్సిందే; ఒకటి మార్చి ఇంకోటి వదిలేస్తే, నాలుగు చక్రాలూ కలిపిన రోజున ఒకదానితో ఒకటి పెనుగులాడి విరుగుతాయి. మెకానిక్ పళ్లకి పసుపు రంగు పేస్టు పూసి, చక్రం తిప్పి, ముద్ర ఎక్కడ పడిందో చూశాడు. అంచుకి పడింది. విప్పి, కాగితం మందం బిళ్ల మార్చి, మళ్లీ బిగించాడు. బాబాయికి ఇంగ్లీషు రాదు, ఆయనకి తెలుగు రాదు. మూడోసారికి ముద్ర పంటి మధ్యకొచ్చింది. ఇద్దరూ ఒకేసారి తలూపారు.

నీతి: బలం చాలలేదని ఏడ్చేముందు, ఉన్న బలం ఎక్కడ ఆగిపోయిందో వెతుక్కోవాలి.

నీతి కథల్లో నీతి ఎప్పుడూ కొంచెం పిసినారిది. దీన్ని పట్టుకుని ఇంజిన్ బలం పెంచడమే తప్పని చెప్పను. రోజూ ట్రెయిలర్ లాగేవాడికి పళ్లు మారిస్తే సరిపోకపోవచ్చు. కానీ ఆ ఇంజిన్ ముందే 11.8 రెట్లు గాలిని నొక్కుతుంది. దాంట్లోకి ఇంకా గాలి కుక్కితే వేడి పెరుగుతుంది, ఇంధనం పెంచాలి, 93 ఆక్టేన్ పెట్రోలు పోయాలి, ట్యూనింగ్ తెలిసినవాడు చేయాలి. లేదంటే లోపల టకటకమని నాక్ కొట్టి పిస్టన్లు పోతాయి. రేపు పొద్దున ఎనిమిదింటికి ఆఫీసుకి వెళ్లాల్సిన బండితో ఆ పందెం కాయాలంటే నాకు భయమే. గేర్‌బాక్స్ నూనె చల్లబడుతోందా, పెరిగిన టైరుని బ్రేకులు ఆపగలుగుతున్నాయా అన్న సంగతి అంతకంటే ముందు చూడాలి. ఆ వరసలో ఇంజిన్ చివరిది.

కొత్త పళ్లకి మొదటి 500 మైళ్లు బరువు లాగకూడదు, ఆపైన నూనె మార్చాలి. బాబాయి ఆ మైళ్లు క్యాలెండర్ మీద రాసి పెట్టాడు. నూనె మార్చిన వారం మళ్లీ 290 ఎక్కారు. బండి అయిదులో కుదురుగా ఎక్కింది, బాబాయి ఈసారి నిజంగానే నిద్రపోయాడు. వెనకాల తొట్టిలో స్టూలు మాత్రం ఇంకా డబడబలాడుతూనే ఉంది. దానికి తాడు కట్టమని పిన్ని రెండుసార్లు చెప్పింది.