అక్కర్లేని సబ్జెక్టు ఎవరి కోసం?

ఇంటర్ అవగానే ఐదేళ్ళ లా కోర్సులో చేరిన మా నిడదవోలు పిల్లలు సెలవులకొస్తే ఒకటే గోల. లాయర్లవుదామని వెళ్తే హిస్టరీ, సోషియాలజీ, ఎకనామిక్స్ చదివిస్తున్నారట. బి.ఏ., ఎల్‌ఎల్‌.బి. అంటే మొదటి రెండేళ్ళూ చాలావరకూ ఇవే మరి. గోదావరి దాటితే రాజమండ్రిలో కోర్టుంది, సెంట్రల్ జైలుంది. అక్కడ జరిగేదానికీ ఈ పేపర్లకీ ఏమిటి సంబంధం అని వాళ్ళ ప్రశ్న. ఫీజులు కట్టడానికి ఇంట్లోవాళ్ళు పడే పాట్లు చూశాను కాబట్టి, ఆ తొందరని తప్పుపట్టలేను.

దీనికొక సులువైన జవాబుంది. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకొచ్చింది. 1860 నాటి శిక్షాస్మృతి పోయింది. హత్య 302 నుంచి 103కి మారింది. ఫోర్ ట్వంటీ మన తిట్లలో మిగిలింది గానీ, చట్టంలో మోసం 318కి వెళ్ళిపోయింది. పనికొస్తాయనుకుని బట్టీపట్టిన నంబర్లే ముందు పాతబడ్డాయి. కానీ ఇది సగం జవాబే. నంబర్లు మారితే మళ్ళీ బట్టీపట్టొచ్చు.

అసలు చిక్కు వేరే ఉంది. నేరమంటే ఏమిటని చట్టాన్ని అడిగితే, చట్టం నేరమన్నదే నేరం అంటుంది. ఆ జవాబుతో ఆగిపోతే ఏమవుతుందో తెలియడానికి మనం దూరం పోనక్కర్లేదు, బాపట్ల దగ్గర స్టువర్టుపురం ఉంది. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఆ తర్వాత ఎరుకల కుటుంబాల కోసం సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటే ఆ ఊరు. పేరు హెరాల్డ్ స్టువర్ట్ అనే అధికారిది. ఫలానా కులంలో పుడితే చాలు, రిజిస్టర్లో పేరెక్కేది. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. ఒక్క దొంగతనమూ చెయ్యనివాడు కూడా చెప్పకుండా బయటికెళ్తే నేరస్థుడే. 1920లో సెక్షన్లు మాత్రమే తెలిసిన లాయరుకి ఇందులో తప్పేం కనపడి ఉండదు. అంతా చట్టప్రకారమే!

1952లో ఆ చట్టం రద్దయింది. ముద్ర మాత్రం పోలేదు. స్టువర్టుపురమంటే మనకి గుర్తొచ్చేది సినిమాలూ దొంగలూ. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైలు మాన్యువళ్ళలో కులాన్ని బట్టి పనులు పంచే నిబంధనల్ని కొట్టేసింది. కొందరిని పుట్టుకతోనే నేరస్వభావులుగా చూసే అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ చరిత్రంతా తవ్వి చూపించింది. అంటే జడ్జీలకి ఆ రోజు కోర్టులో కావలసి వచ్చింది పిల్లలు విసుక్కుంటున్న సబ్జెక్టే.

అయితే చదువే మందు అనేద్దామా? 1871లో వైస్రాయి కౌన్సిల్లో న్యాయసభ్యుడు జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. కేంబ్రిడ్జిలో చదివాడు, పుస్తకాలు రాశాడు. చదువు తక్కువై ఆ చట్టం రాలేదు. సాహిత్యం చదివితే మనుషులు మంచివాళ్ళైపోతారన్న మాట నేను నమ్మను. గైడు చూసి పాస్‌మార్కులు తెచ్చుకున్న సోషియాలజీ వల్ల అసలే కారు.

మరి నిర్బంధంగా ఎందుకు చదివించాలి? ఈ చదువు వల్ల చదివేవాడికేం లాభమన్న దగ్గరే మన వాదనలన్నీ ఆగిపోతున్నాయి. లా చదవాలో వద్దో మనం ఎంచుకోవచ్చు. పోలీసుద్యోగమూ అంతే. కానీ తనని పట్టుకునేవాడు, తన తరఫున వాదించేవాడు, తనకి శిక్ష వేసేవాడు ఏం చదివి వచ్చారో ముద్దాయి ఎంచుకోలేడు. ఇంకొకరి పదేళ్ళ జీవితం మీద అధికారం కావాలనుకున్నవాళ్ళకి, ఆ ఇంకొకరు ఎలా బతుకుతారో తెలుసుకోవడం ఇష్టాయిష్టాల విషయం కాకూడదు. అది ఆయనకి మనం పడ్డ బాకీ.

బాకీ అన్నాక దాన్ని ఏదో ఒకటి ఇచ్చి తీర్చెయ్యడం కుదరదు. రాజుల తేదీలు చెప్పించుకుని హిస్టరీ అయిపోయిందంటే, పిల్లల విసుగే న్యాయం. దొంగతనం సెక్షన్ చెప్పే రోజునే సెటిల్‌మెంటు హాజరు గురించీ చెప్పాలి. అది పాలకుల రిపోర్టుల్లోంచే కాకుండా, హాజరు పలికినవాళ్ళ పిల్లలూ మనవలూ చెప్పేదాన్నిబట్టి కూడా చెప్పాలి. స్టీఫెన్ చదువులో వాళ్ళ గొంతు లేదు.

ఇదంతా రేపు కోర్టులో పనికొస్తుందా అని అడిగితే, పనికొస్తుందనే చెప్తాను. ముందుగా బోనులో నిలబడేవాడికి.